కవాతు, పోరాటము, సాయంకాల బూర

చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 10:1–10, 1 సమూయేలు 17:16–24, 1 సమూయేలు 30:21–25, లూకా 24:28–35
కంఠస్థము చేయవలసిన వాక్యము: 2 తిమోతి 2:3



జనవరి 26వ తేదీ ఉదయమున ఢిల్లీలో జరుగు సైనికుల కవాతును మనలో అనేకులు టెలివిజన్‌లో చూచియుందురు. అయితే గణతంత్ర దినోత్సవములు ఆ దినముతో ముగియవు. మూడు దినముల తరువాత, 29వ తేదీ సాయంకాలమున, సూర్యుడు అస్తమించు వేళ, విజయ్ చౌక్ అను విశాలమైన కూడలియందు మరియొక కార్యక్రమము జరుగును. దానిని ‘బీటింగ్ రిట్రీట్’ అందురు. సైన్యము యుద్ధభూమినుండి శిబిరమునకు మరలుట అని దాని భావము. దానితో ఆ సంవత్సరపు ఉత్సవములు ముగియును.

ఈ నెల మన పాఠమునకు ఆ సాయంకాల కార్యక్రమమును ఆధారముగా తీసికొందుము. సైనికుని జీవితమును చూచి నేర్చుకొనుమని పౌలు తిమోతికి వ్రాసెను గనుక ఇది మనకు క్రొత్త పద్ధతి కాదు. సైనికులు బాప్తిస్మమిచ్చు యోహానునొద్దకు వచ్చి, మేమేమి చేయవలెనని అడిగినప్పుడు, ఆయన వారిని త్రోసివేయలేదు. ఎవరిని బాధపెట్టక, అపనిందలు వేయక, తమ జీతముతో తృప్తిపొందవలెనని బోధించెను (లూకా 3:14). అన్యజనులలోనుండి సంఘములో చేర్చబడిన కొర్నేలియు శతాధిపతియే (అపొ. కార్యములు 10వ అధ్యాయము).

ఆ సాయంకాలమున జరుగునదేమి?

రైసినా గుట్టమీద రాష్ట్రపతి భవనమున్నది. గుట్ట దిగువనున్నదే విజయ్ చౌక్. రాష్ట్రపతి అక్కడికి వచ్చి ఆసీనులైన తరువాత సైన్యము, నౌకాదళము, వైమానిక దళములకు చెందిన బ్యాండ్లు ముందుకు సాగివచ్చును. ఇత్తడి బాకాలు, డ్రమ్ములు, బ్యాగ్‌పైపులు ఒక్కసారిగా మ్రోగును. ప్రతి బ్యాండు ముందు డ్రమ్ మేజరు అను నాయకుడు చేత పొడవైన దండము పట్టుకొని నడుచును. అతడు నోటితో ఎక్కువ మాటలాడడు. దండము కదలిక చూచి వెనుకనున్న వారందరు తిరుగుదురు, ఆగుదురు, మరల నడతురు. ఒక వరుస మరియొక వరుసలోనుండి సాగిపోయినను ఒకని భుజము మరియొకనికి తగులదు. గుట్టమీద సచివాలయ భవనములయొద్ద ఒంటెలపై కూర్చున్న సరిహద్దు భద్రతా దళమువారు బొమ్మలవలె కదలక నిలిచియుందురు.

వెలుగు తగ్గుచుండగా బ్యూగిల్ ఊదుదురు. బ్యాండ్ల నాయకుడు రాష్ట్రపతి యెదుటికి నడచివెళ్లి, కార్యక్రమము ముగిసినదని తెలిపి, బ్యాండ్లను తీసికొనిపోవుటకు సెలవు అడుగును. జాతీయ పతాకమును దించుదురు. బ్యాండ్లు వచ్చిన దారినే మరలిపోవును. అంతట ఆ భవనములన్నియు దీపములతో వెలుగును.

ఈ సామూహిక బ్యాండ్ల కార్యక్రమమును 1950 దశాబ్దపు మొదటి సంవత్సరములలో మన సైన్యమునకు చెందిన మేజర్ రాబర్ట్స్ అను అధికారి రూపొందించెను. అయితే దాని వెనుకనున్న ఆచారము శతాబ్దముల నాటిది. పూర్వము ప్రొద్దు గ్రుంకగానే రణభూమిలో భేరీలు, బూరలు మ్రోగెడివి. ఆ ధ్వని విని సైనికులు పోరు నిలిపి, కత్తులు ఒరలలో ఉంచి, ధ్వజములు చుట్టి, శిబిరమునకు మరలెడివారు.

కవాతునుండియు, ఆ కవాతును ముగించు సాయంకాల బూరనుండియు మనము అయిదు సంగతులు నేర్చుకొందుము.

1. బూర ధ్వనికి స్పష్టమైన అర్థముండవలెను

సైన్యములో బ్యూగిల్ ఊదు పద్ధతులు అనేకములు. నిద్ర లేపు ధ్వని వేరు. సాయంకాలమున మరలిరమ్మను ధ్వని వేరు. చనిపోయిన సైనికుని గౌరవార్థము ఊదు ధ్వని వేరు. క్రొత్తగా చేరినవాడు మొట్టమొదట ఈ భేదములను నేర్చుకొనవలెను.

దేవుడు అరణ్యములో ఇశ్రాయేలీయులకు ఇట్టి క్రమమునే నియమించెను. మోషే రెండు వెండి బూరలు చేయించెను. రెండును ఊదినయెడల సమాజమంతయు ప్రత్యక్షపు గుడారము ద్వారమునొద్ద కూడవలెను. ఒకటే ఊదినయెడల ప్రధానులు మాత్రమే రావలెను. ఆర్భాటముగా ఊదినయెడల తూర్పు దిక్కున దిగిన దండ్లు బయలుదేరవలెను. రెండవసారి అట్లు ఊదినయెడల దక్షిణపు దండ్లు సాగవలెను. యుద్ధమునకు వెళ్లునప్పుడును ఆ బూరలే, పండుగ దినములలో అర్పణలమీదను ఆ బూరలే.

మన గ్రామములలో దేవాలయపు గంటయు అట్టిదే. ఆదివారపు గంట వేరు, మరణవార్త తెలుపు గంట వేరు. పొలములో నాగలి పట్టినవాడు సహితము చెవినిబట్టి భేదము తెలిసికొని, తలగుడ్డ తీసి నిలుచును. బూర అస్పష్టముగా మ్రోగినయెడల యుద్ధమునకు ఎవడు సిద్ధపడునని పౌలు కొరింథీయులను అడిగెను (1 కొరింథీ 14:8). ఇది బోధకులకు మాత్రమే చెప్పిన మాట కాదు. రాత్రి కుటుంబ ప్రార్థనలో తండ్రి పలుకు మాట ఒకటియై, సంతలో తూకము వేయునప్పుడు అతని చేతి పని మరియొకటియైనయెడల, బిడ్డలకు వినబడునది ఏ బూర? అట్టి యింటి కుమారుడు దారి తప్పినప్పుడు మనము కుమారునినే నిందించుట న్యాయమా?

ఆ వెండి బూరలను గూర్చి మరియొక సంగతి గమనించుడి. అవి పోతపోసినవి కావు, సుత్తెతో కొట్టి చేసినవి. దెబ్బలు తిన్న వెండియే బూరయైనది. శ్రమలు అనుభవించిన వృద్ధ విశ్వాసి చెప్పు సాక్ష్యము సంఘములో అంత స్పష్టముగా వినబడుటకు కారణమిదియే.

2. కవాతు యుద్ధము కాదు

కవాతు వ్యర్థమని మనము చెప్పుటలేదు. పగటి వెలుగులో చదునైన నేలమీద అడుగు కలుపలేనివాడు చీకటిలో, కొండ చరియమీద తన తోటివానికి తోడుగా నిలువలేడు. ఆజ్ఞ వినబడగానే చేయి, కాలు కదలునట్లు అలవాటు చేయుటకే కవాతు. మన ఆదివారపు ఆరాధన, బైబిలు తరగతి, ఉపవాస ప్రార్థన కూటము ఇట్టి అభ్యాసములే. అయితే అభ్యాసము దేనికొరకో దానిని మరచినప్పుడు అది వేషమగును.

ఏలా లోయలో సౌలు సైన్యమునకు జరిగినది ఇదే. గొల్యాతు నలువది దినములు ఉదయమున, సాయంకాలమున వచ్చి నిలువబడెను. దావీదు తన అన్నలకొరకు వేయించిన ధాన్యము, రొట్టెలు తీసికొని దండునకు వచ్చిన వేళ, ఇశ్రాయేలు సైన్యము కేకలు వేయుచు యుద్ధపంక్తులు తీర్చుకొనుచుండెను. వరుసలు బాగుగానే యున్నవి. కేకలు బిగ్గరగానే యున్నవి. ఆయుధములు మెరయుచునే యున్నవి. అయితే గొల్యాతు కనబడగానే వారందరు పారిపోయిరి. వారు పంక్తులు తీర్చుటలో ఏ లోపమును లేదు, యుద్ధము మాత్రము జరుగలేదు. సైనికుల వరుసలో పేరు లేని గొఱ్ఱెల కాపరి ముందుకు పోయెను.

మన కాలపు ఉదాహరణ యొకటి చూడుడి. సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15వ తేదీ రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయయందు తన సైనికులతోకూడ నిలిచి ప్రాణము విడిచెను. ఆయనతో కలిపి మన సైనికులు 20 మంది మరణించిరి. ఆ రాత్రి ఆ లోయలో బ్యాండు లేదు. చప్పట్లు కొట్టు చూపరులు లేరు. తరువాత ఆయనకు మహావీర చక్రము ప్రకటింపబడెను. ఆ గౌరవము ఆయన కవాతులో చక్కగా నడచినందుకు ఇచ్చినది కాదు.

ఇప్పుడు మన సంఘములను చూతము. క్రిస్మస్‌కు దీపముల తోరణములు కట్టుదుము. మట్టల ఆదివారమున ఊరేగింపు చేయుదుము. కోత పండుగకు బ్యాండు మేళము పిలిపింతుము. ఇవి సంతోషకరమైనవే. దేవుని జనులు పండుగ చేసికొనుట వాక్యమునకు విరోధము కాదు. అయితే ఊరేగింపు వెళ్లిన వీధిలోనే త్రాగుబోతు భర్త చేత దెబ్బలు తిను సహోదరి యున్నదా? ఆ యింటికి సంఘ పెద్దలు ఎన్నడైన వెళ్లిరా? వడ్డీ భారముతో పొలము పోగొట్టుకొన్న విశ్వాసిని ఎవరైన పలుకరించిరా? తగవుపడిన అన్నదమ్ములు వేరు వేరు బల్లలమీద కూర్చుండి ఒకే ప్రభువు బల్లలో పాలుపొందుచున్నారా? జెండా ఎవరు పట్టుకొనవలెను, ముందు ఎవరు నడువవలెను అని పోట్లాడుకొనుటకు మనకు బలమున్నది. అయితే గొల్యాతు ప్రతి ఉదయమును, ప్రతి సాయంకాలమును మన లోయలో వచ్చి నిలుచుచునే యున్నాడు.

మరియొక సంగతి. 2001లో గుజరాత్‌లో గొప్ప భూకంపము కలిగినప్పుడును, 2009లో మాజీ రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ మరణించినప్పుడును ఢిల్లీలోని ఈ కార్యక్రమమును రద్దు చేసిరి. సిద్ధపాటు ఎంత జరిగినను, దుఃఖము యెదుట వాద్యములు మౌనము వహించెను. ఏడ్చువారితో ఏడ్వుడని మనకు ఆజ్ఞ ఉన్నది గదా (రోమా 12:15). పండుగ ముందటి దినమున గ్రామములో ఒక యింట మరణము సంభవించినప్పుడు, ఆ యిల్లు మన సంఘమునకు చెందినదైనను కాకపోయినను, బ్యాండును ఆపివేసి ఆ యింటికి నడచుటయే గొప్ప ఊరేగింపు.

3. మన శత్రువు పొరుగువాడు కాడు

సంఘమును సైన్యముతో పోల్చునప్పుడు మనము జాగ్రత్తగా ఉండవలెను. మనము పోరాడునది శరీరులతో కాదని పౌలు స్పష్టముగా వ్రాసెను (ఎఫెసీ 6:12). మన యుద్ధోపకరణములు శరీర సంబంధమైనవి కావనియు చెప్పెను (2 కొరింథీ 10:4). గనుక పాటలలో జయము, యుద్ధము, శత్రువు అను మాటలు వచ్చినప్పుడు, అవి ప్రక్క వీధిలోని పొరుగువానిని గూర్చినవని ఏ చిన్న బిడ్డయు తలంపకుండునట్లు మనము బోధింపవలెను. ఊరేగింపు ఇతరుల యిండ్ల ముందునుండి సాగునప్పుడు ధ్వని పెంచి గర్వము చూపుట క్రీస్తు సైనికుని మర్యాద కాదు. జబ్బుపడినవారు, పరీక్షకు చదువుకొను పిల్లలు ఆ యిండ్లలోను ఉందురు.

యెహోషువ యెరికో దగ్గర కత్తి దూసి నిలిచిన ఒక పురుషుని చూచి, నీవు మా పక్షమా, మా విరోధుల పక్షమా అని అడిగెను. ఆయన ఆ రెండింటిలో దేనికిని ఒప్పుకొనక, తాను యెహోవా సేనాధిపతినని చెప్పెను (యెహోషువ 5:13–15). దేవుడు మన పక్షమున చేరుటకు వచ్చువాడు కాడు. మనమే ఆయన యెదుట చెప్పులు విడిచి నిలువవలసినవారము. ఆ తరువాత యెరికో చుట్టు తిరిగినప్పుడు సహితము, తాను చెప్పు దినమువరకు జనులు నోరు తెరువకూడదని యెహోషువ ఆజ్ఞాపించెను. ఆరు దినములు వారు బూరల ధ్వని విని మౌనముగా నడచిరి. నోరు మూసికొని నడుచుట కేకలు వేయుటకంటె కష్టమైన కవాతు.

జనములు కత్తులను నాగటి నక్కులుగా సాగగొట్టి, యుద్ధము నేర్చుకొనుట మానివేయు దినమును యెషయా చూచెను (యెషయా 2:4). నాగలి పట్టు మనకంటె ఆ వాక్యము ఎవరికి ఎక్కువగా తెలియగలదు? మనము నడుచుచున్నది ఆ దినమువైపునకే.

4. కవాతులో కనబడనివారు

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము దగ్గర మాధవరమను గ్రామమున్నది. తరతరములుగా అనేకులు సైన్యములో చేరినందున దానిని మిలటరీ మాధవరమని పిలుచుదురు. యుద్ధ దినములలో కుమారుని ఉత్తరము కొరకు కనిపెట్టిన తల్లులు, ఒంటిగా పొలము చేయించుకొన్న భార్యలు అట్టి గ్రామములలోనే యుందురు. వారు ఏ కవాతులోను కనబడరు. అయినను వారు లేక సైన్యము లేదు.

దావీదు సిక్లగునుండి అమాలేకీయులను తరిమినప్పుడు, అలసిపోయిన 200 మంది బెసోరు వాగు దాటలేక సామానునొద్ద నిలిచిరి. 400 మంది ముందుకు పోయి జయించి వచ్చిరి. యుద్ధమునకు రానివారికి దోపుడు సొమ్ములో పాలు లేదని కొందరు వాదించిరి. దావీదు వారి మాట ఒప్పుకొనలేదు. యుద్ధమునకు పోయినవాని భాగమెంతో సామానునొద్ద నిలిచినవాని భాగము అంతే అని కట్టడ నియమించెను.

ప్రతిదినము అన్నము వండునప్పుడు పిడికెడు బియ్యము దేవుని కొరకు తీసి కుండలో వేయు సహోదరి, మంచము పట్టి మూలుగుచునే సంఘము కొరకు ప్రార్థించు తాత, తెల్లవారకముందే దేవాలయము ఊడ్చి దీపము తుడుచు వితంతువు, వీరి పేర్లు మన పండుగ కరపత్రములలో అచ్చు కావు. అయితే వీరి పాలు తగ్గింపవద్దని రాజు ఆజ్ఞ యున్నది. గౌరవము పంచునప్పుడు సంఘ పెద్దలు బెసోరు వాగును జ్ఞాపకము చేసికొందురు గాక.

5. సాయంకాల బూర

ఢిల్లీ కార్యక్రమములో వెలుగు తగ్గు వేళ ‘అబైడ్ విత్ మీ’ అను క్రైస్తవ కీర్తన రాగమును అనేక సంవత్సరములు వాయించిరి. దానిని వ్రాసినవాడు ఇంగ్లాండులోని బ్రిక్స్‌హామ్ అను చేపలు పట్టువారి పట్టణములో సేవచేసిన హెన్రీ ఫ్రాన్సిస్ లైట్ అను బోధకుడు. ఆయన 1847లో మరణించెను. ఆ కీర్తన గాంధీగారికి ఇష్టమైనదని పేరు పొందినది. జనవరి 29 గడచిన మరునాడే, 1948 జనవరి 30న ఆయన చంపబడిన దినము వచ్చును గనుక ఆ రాగము అనేకుల హృదయములను తాకెడిది. 2022లో దానిని కార్యక్రమమునుండి తొలగించి, ప్రాణమిచ్చిన సైనికులను స్మరించు ‘ఏ మేరే వతన్ కే లోగో’ అను హిందీ గీతపు రాగమును చేర్చిరి.

దీనిని గూర్చి కొందరు విశ్వాసులు నొచ్చుకొనిరి. ఆ నొప్పి మనము అర్థము చేసికొనగలము. అయితే ఆలోచించుడి. ఆ ప్రార్థన మొదట పుట్టినది రాజధానిలో కాదు, యెరూషలేమునకు ఆమడ దూరముననున్న ఎమ్మాయు అను పల్లె దారిలో. ప్రొద్దు గ్రుంకుచున్న వేళ ఇద్దరు శిష్యులు తమతో నడచిన ప్రభువును తమ యింట ఉండుమని బలవంతము చేసిరి. ఆయన లోపలికి వెళ్లి, వారితో భోజనమునకు కూర్చుండి, రొట్టె విరిచెను. ఆ ప్రార్థనను నిలుపవలసినది బ్యాండ్లు కావు, మన యిండ్లు. విజయ్ చౌక్‌లో ఆ రాగము మ్రోగుచున్న సంవత్సరములలో మన యింట సాయంకాల ప్రార్థన లేనియెడల మనకు కలిగిన లాభమేమి? అక్కడ అది ఆగిపోయినను, మన గుడిసెలో దీపము పెట్టిన వేళ ప్రభువును లోపలికి పిలిచినయెడల మనకు కలిగిన నష్టమేమి?

బ్యాండ్ల నాయకుడు రాష్ట్రపతి యెదుట నిలిచి, పని ముగిసినదని చెప్పి సెలవు అడుగుటను మరల తలంచుకొనుడి. వృద్ధుడైన సుమెయోను శిశువైన యేసును చేతులతో ఎత్తుకొని, దేవునియొద్ద అట్లే సెలవు పుచ్చుకొనెను (లూకా 2:25–32). పౌలు తన పరుగు కడముట్టించితినని చెరసాలలోనుండి వ్రాసెను (2 తిమోతి 4:7). మనలో ప్రతివానికిని ఒక సాయంకాలము వచ్చును. ఆ వేళ మన వస్త్రములు ఎంత తెల్లనివి, మన వరుస ఎంత తిన్ననిది అని సేనాధిపతి అడుగడు. నీకు అప్పగించిన చోట నీవు నిలిచితివా, నీ ప్రక్కన పడిపోయినవానిని ఎత్తితివా అని అడుగును. నూరు గొఱ్ఱెలలో ఒకటి తక్కువైనను లెక్క తెలిసిన కాపరి ఆయన. శిబిరమునకు చేరనివారిని గూర్చి ఆయన మనలను అడుగకమానడు.

సాయంకాల బూర ఓటమి ధ్వని కాదు. అది యింటికి పిలుచు ధ్వని. పతాకము దించిన తరువాత ఆ భవనములమీద దీపములు వెలుగును గదా. మనకును మరియొక బూర యున్నది. ప్రభువు దిగివచ్చునప్పుడు అది మ్రోగును (1 థెస్సలొనీక 4:16). అంతవరకు పగలుండగానే మన పని చేయుదము.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. సంఖ్యాకాండము 10వ అధ్యాయములో బూరలు ఏయే సందర్భములలో ఊదబడెను? మన యిండ్లలో బిడ్డలకు వినబడు ధ్వని స్పష్టమైనదేనా?
2. సౌలు సైన్యము నలువది దినములు పంక్తులు తీర్చియు ఏల పోరాడలేదు? మన గ్రామములో సంఘము తప్పించుకొని తిరుగుచున్న గొల్యాతు ఏది?
3. రాబోవు పండుగ ఖర్చులో ఎంత భాగము అక్కరలోనున్న ఒక కుటుంబమునకు ప్రత్యేకింపగలము?
4. మన సంఘములో సామానునొద్ద నిలిచినవారు ఎవరు? ఈ నెలలో వారిని ఏ విధముగా సన్మానింతుము?
5. ఈ సంవత్సరము శిబిరమునకు మరలిరాని వారు ఎవరు? వారి యింటికి ఎవరు, ఏ దినమున వెళ్లుదురు?

ప్రార్థన

మా సేనాధిపతివైన ప్రభువా, మేము నడచు వరుసలను నీవు చూచుచున్నావు, మేము తప్పించుకొన్న లోయలను కూడ నీవు చూచుచున్నావు. పొరుగువానిమీద కోపము తీసివేసి, పాపముమీద పోరాడు ధైర్యము మాకిమ్ము. మరుగున సేవచేయువారిని ఆదరించుము. మా దినము వ్రాలుచుండగా మా యింటిలోనికి వచ్చి మాతోకూడ బల్లయొద్ద కూర్చుండుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.